తల్లికీ కూతురికీ మధ్య దుబాసీ

పోయిన వారం మిమ్మల్ని పాత కోట మూడో గుమ్మం ముందు, ఎండలో, వరుసలో నిలబెట్టి వదిలేశాను. ఏం చెయ్యను, ఆ రోజు మమ్మల్నీ అలాగే నిలబెట్టారు. పొద్దున్న వెళ్ళినవాళ్ళం. మధ్యాహ్నపు నమాజు పిలుపు వినబడేదాకా గుమ్మం తెరవలేదు.

కథ మధ్యలో చేరినవాళ్ళ కోసం రెండు మాటలు. ఇస్తాంబుల్‌లో సుల్తానుని గద్దె దింపిన ఏడాది అది. ఆయన అంతఃపురంలోని ఆడవాళ్ళని కొత్త ప్రభుత్వం విడిచిపెట్టింది. వాళ్ళలో ఎక్కువమంది, కొండలు విడిచి టర్కీకి వలసొచ్చిన మా చెర్కెస్ జాతి పిల్లలు. పెళ్ళాడి తెచ్చినవాళ్ళు కారు, కొని తెచ్చినవాళ్ళు. అందుకని మా ఊళ్ళన్నిటికీ తంతి కబుర్లు వెళ్ళాయి, మీ ఆడబిడ్డల్ని మీరే వచ్చి గుర్తుపట్టి తీసుకుపొండి అని. నేను వచ్చింది నా బిడ్డ కోసం కాదు. నన్ను పెంచిన దాది కురాత్సా కూతురి కోసం. ఆ పిల్ల పేరు దిజిన్, మా భాషలో వెండి. పదేళ్ళప్పుడు మా నాన్న అమ్మేశాడు. ఇరవై నాలుగేళ్ళయింది.

దాది మా ఇంటి బానిస. మా ఊళ్ళో ఆ మాట ఎవరూ నోటితో అనరు, 'మా ఇంటి మనిషి' అంటారు. నా భార్య నఫిసెత్ మూడేళ్ళ కిందట పోయింది. అప్పటినుంచి నాకు వండిపెట్టేదీ, నా చొక్కాలు ఉతికేదీ, నేను బడి నుంచి వచ్చేసరికి పొయ్యి రాజేసి ఉంచేదీ ఆవిడే. అంత ముసలావిడని ఇస్తాంబుల్ దాకా వెంటబెట్టుకొచ్చానని ఊరంతా నన్ను మెచ్చుకుంది. జాన్‌బులాత్ మాస్టారి మనసు వెన్న అన్నారు. నేను కాదనలేదు. ఎందుకు కాదనలేదో ఈ వారం చెప్పక తప్పదు.

వరుసలో మా వెనక తెమ్రుక్ అనే ముసలాయన నిలబడ్డాడు. తూర్పున ఎక్కడో పీఠభూమి నుంచి పదహారు రోజులు నడిచి వచ్చాడట. గొర్రెతోలు టోపీ, ఛాతీ మీద ఖాళీ తూటాల జేబులు, కాళ్ళకి చిరిగిన జోళ్ళు. చేతికర్ర మీద గడ్డం ఆనించి నన్ను ఎగాదిగా చూశాడు.

"ఏం మాస్టారూ, మీరెవర్ని అమ్మారు?"

సంతలో ఏం తెచ్చారని అడిగినట్టు అడిగాడు.

"నేనెవర్నీ అమ్మలేదు పెద్దాయనా."

"అయితే మీ నాన్న అమ్మాడన్నమాట. చదువుకున్నవాళ్ళ ఇళ్ళల్లో ఎప్పుడూ నాన్నలే అమ్ముతారు." పళ్ళు లేని నోటితో నవ్వాడు. "నేను మాత్రం నేనే అమ్మాను. రాజుగారింట్లో పట్టుపరుపుల మీద పడుకుంటుంది, మన పేలపిండి ముద్ద దానికెందుకు అనుకున్నాను. మా ముసల్ది ఆ రోజునుంచి నాకు తిండి పెట్టింది గానీ ఎదురుగా కూర్చోలేదు. పోయినేడు పోయింది. ఇప్పుడు పిల్ల దొరికితే ఎవరికి చూపించుకోను?"

నా జవాబు కోసం ఆయన ఆగలేదు.

"జారు సైన్యం మనల్ని కొండల మీంచి సముద్రంలోకి తరిమిందని నలభై అయిదేళ్ళుగా ఏడుస్తున్నాం కదా మాస్టారూ. ప్రతి పెళ్ళిలోనూ అదే పాట. ఇల్లు పోయింది, నేల పోయింది, తల్లులు పడవల్లోనే పోయారు. అంతా నిజమే. అవే పడవల్లో మనం మన బానిసల్ని కూడా ఎక్కించుకొచ్చాం. ఆ ముక్క ఏ పాటలోనూ ఉండదేం?" దాది వైపు చూశాడు. "ఏమ్మా, నువ్వూ అలా ఎక్కినదానివేనా?"

"అవునయ్యా," అంది దాది. "నాకప్పుడు పదహారు. పడవలో ఒకటే వాంతులు. వీళ్ళ నానమ్మగారు తన శాలువా తీసి నాకు కప్పింది. తను చలికి వణుకుతూ కూర్చుంది. అలాంటి తల్లి ఉండదు."

ఆవిడ అలా అన్నప్పుడు నేను తల దించుకున్నాను. తెమ్రుక్ దాన్ని వినయం అనుకుని ఉంటాడు.

లోపల గది పొడుగ్గా ఉంది. ఒక చివర బల్ల, దాని వెనక అధికారి. నలభై ఏళ్ళ మనిషి, నిద్రలేక కళ్ళ కింద నల్లగా ఉంది. గోడ పొడుగునా ఆడవాళ్ళు వరుసగా, మొహం మీద ముసుగు లేకుండా నిలబడ్డారు. వాళ్ళ కళ్ళల్లో ఎండ పడుతుంటే అధికారి తనే లేచి వెళ్ళి తెర లాగాడు. అలాంటివి నాకు వెంటనే కనబడతాయి. ఎవరు ఎవరికి నీళ్ళిచ్చారు, ఎవరు ఎవరికి నీడ ఇచ్చారు, అవి చూసి సంతోషించడం నా అలవాటు. పెద్ద తప్పులు చూడకుండా ఉండటానికి అది మంచి మార్గం.

"మీరు ఈవిడకి ఏమవుతారు?" అన్నాడు అధికారి. "సొంత మనుషులు తప్ప పరాయి మగవాళ్ళు ఈ గదిలోకి రాకూడదు."

"ఈవిడ పాలు తాగాను," అన్నాను. "ఈవిడ కూతురికి పాల వరస అన్నని."

ధర్మప్రకారం అది అబద్ధం కాదు. ఆయన పైకి అంటూ రాసుకున్నాడు: జాన్‌బులాత్ మాస్టారు, అన్న. దాది ఆ మాట ఏమిటని అడిగింది. ఆవిడకి టర్కీ భాష రాదు, మా ఊళ్ళో దాని అవసరం లేదు. చెప్పాను. ఆవిడ మొహం వెలిగింది.

"అలా రాయించావా చినబాబూ? దేవుడు నిన్ను చల్లగా చూడాలి."

అధికారి ఆమెని వెళ్ళి చూసుకోమన్నాడు. దాది చేతిలో పొగబెట్టిన జున్నుగడ్డ మూట ఉంది. దాన్ని గుండెకి అదుముకుని వరుస మొదటి నుంచి బయల్దేరింది. ఒక్కొక్క మొహం దగ్గరా ఆగి 'దిజిన్' అంటుంది. ఆ అమ్మాయి తల అడ్డంగా ఊపుతుంది. దాది ఆమె చెయ్యి నిమిరి ముందుకు వెళుతుంది. కొందరు తల ఊపాక కూడా ఆ చెయ్యి వదల్లేదు. ఎవరి తల్లైతేనేం, ఒక తల్లి చెయ్యి.

పదమూడో ఆవిడ పొడుగ్గా, సన్నగా ఉంది. ముప్ఫై దాటిన వయసు, నుదుటి దగ్గర ఒక తెల్లపాయ. దాది ఆమె ముందు ఆగి 'దిజిన్' అంది. ఆమె తల ఊపలేదు, పలకలేదు. దాదిని కాదు, నన్ను చూస్తోంది. దాది ఓ క్షణం ఆగి, ఆమె చెయ్యి కూడా నిమిరి, పద్నాలుగో ఆవిడ దగ్గరికి వెళ్ళిపోయింది.

దాది వెతుకుతున్నది బుగ్గలున్న పదేళ్ళ పిల్ల కోసం.

పొడుగావిడ అప్పుడు నోరు విప్పింది. టర్కీ భాష, అంతఃపురంలో నేర్చిన నాజూకు మాట.

"మాస్టారుగారూ, మీ ముసలామెకి చెప్పండి. నన్ను దాటేసిందని."

వెళ్ళి దాది భుజం పట్టుకుని వెనక్కి తిప్పాను. "ఈవిడే దాదీ."

జున్నుగడ్డ మూట కింద పడింది. "నేను దాటిపోయానా?" అంది దాది. "నా బిడ్డని నేను దాటిపోయానా?" రెండు చేతులూ చాచింది కానీ ఆ పట్టుబట్టలు ముట్టుకోవడానికి జంకింది. చేతులు గాల్లోనే ఆగిపోయాయి. "అమ్మా, నా తల్లీ, చూపు ఆనటంలేదే, ముసలిదాన్ని, తప్పయిపోయిందే." ఇంకా ఏదేదో అంటోంది.

కూతురు ఆ మాటలు వింటోంది. మొహంలో ఏమీ కదలడం లేదు. కాస్సేపటికి నాకు అర్థమైంది, ఆమెకి మా భాష రాదు.

"పోయింది," అంది నా చూపు చూసి. "నన్ను కొన్న దళారీ తన ఇంట్లో మూడేళ్ళు ఉంచాడు. ఆ భాషలో మాట్లాడితే మూతి మీద కొట్టేవాడు. పిల్లలు త్వరగా నేర్చుకుంటారు, త్వరగా మరిచిపోతారు. ఇప్పుడు నా పేరు లెబ్రీజ్. ఆమె ఏమంటోంది?"

"తప్పయిపోయింది అంటోంది. నిన్ను పోల్చుకోలేదని."

"తప్పు ఆమెదా?" అంది లెబ్రీజ్. "బాగుంది."

అధికారి తన కట్టల్లోంచి ఒక కాగితం తీశాడు. ఆమెతో పాటు వచ్చిన కాగితం, ఇన్నేళ్ళూ భద్రంగా దాచారు. పైకి చదివాడు: "దిజిన్ అను ఈ బాలిక మా ఇంటి బానిస కురాత్సా కడుపున పుట్టినది. పుట్టుకతో బానిస. స్వతంత్రుల బిడ్డ కాదు. ఇందుకు మేము సాక్షులము." కాగితాన్ని దూరంగా పట్టుకుని చూశాడు. "ఎంత చక్కటి దస్తూరీ! ఈ కాలంలో ఇలా ఎవరు రాస్తున్నారండీ? రాసినవారు..." కిందికి చూశాడు. తరవాత నన్ను చూశాడు. "మీరేనా మాస్టారూ?"

"నేనే."

"నేను సిరా దవాతు పట్టుకున్నాను," అంది లెబ్రీజ్. "ఆయన ముంచుకోవడానికి వీలుగా ఎత్తి పట్టుకున్నాను. చెయ్యి నొప్పెడితే 'ఇంకొక్క రెండు వరసలు, ఓర్చుకో' అన్నారు. చాలా మెత్తగా అన్నారు. ఇప్పుడు అన్న అని రాయించుకున్నారట కదా. విన్నాను."

ఆ కాగితం సంగతి చెప్పాలంటే నానమ్మ పోయిన రోజు సంగతి చెప్పాలి.

ఆ వసంతంలో నాకు పందొమ్మిదేళ్ళు. బూర్సాలో కాలేజీ చదువు, సెలవులకి ఊరొచ్చాను. నానమ్మ పొయ్యి పక్కన మంచం మీద ఉంది. గదిలో నాన్నా, నేనూ. దాది బయట గొర్రెల పాలు పితుకుతోంది. నానమ్మ నాన్న చెయ్యి పట్టుకుని స్పష్టంగా అంది: "కురాత్సా నాతో పడవ దిగింది. ఇక దాని తల దానిదే. దాని కడుపున పుట్టినవీ, పుట్టబోయేవీ కూడా అంతే. ఇద్దరూ విన్నారుగా?" మాలో బానిసకి స్వేచ్ఛ ఇవ్వడానికి కాగితం అక్కర్లేదు. ఇంటి పెద్ద నోటి మాట, దాన్ని విన్న ఇద్దరు మగవాళ్ళ చెవులు, అంతే. నాన్న "విన్నాం అమ్మా" అని ఆమె చెయ్యి ముద్దుపెట్టుకున్నాడు. నేనూ ముద్దుపెట్టుకున్నాను. ఆ సాయంత్రమే ఆమె పోయింది, మర్నాడు మట్టిలో పెట్టాం.

నలభయ్యో రోజు దాటగానే దళారీ వచ్చాడు. స్వతంత్రుల పిల్లల్ని కొంటే పైవాళ్ళు పట్టుకుంటున్నారు, పుట్టు బానిసే అని కాగితం ఉండాలన్నాడు. నాన్న నా వైపు తిరిగి "రాయి" అన్నాడు.

చెర్కెస్ కొడుకు తండ్రి ముందు కూర్చోడు, నవ్వడు, అడగందే మాట్లాడడు. మా మర్యాద చూసి పరాయివాళ్ళు ముచ్చటపడతారు. నేను ఆ మర్యాద ప్రకారమే నిలబడి, నోరు మూసుకుని, అందంగా రాశాను. ఆ మర్యాద చాటునే ఇన్నేళ్ళూ దాక్కున్నాను. నాన్న పోయి తొమ్మిదేళ్ళయింది. ఆ తొమ్మిదేళ్ళూ ఎవరి ముందు నోరు మూసుకున్నట్టు? ఆ ప్రశ్న నన్ను నేను ఒక్కసారే వేసుకున్నాను. నఫిసెత్ పోయిన చలికాలంలో. ఆ సాయంత్రం దాది వేడివేడి పులుసు గిన్నె తెచ్చి నా ముందు పెట్టింది. ఆవిడకి చెబితే ఆవిడ వెళ్ళిపోవచ్చు కదా అనిపించింది. పులుసు తాగాను.

అధికారి కాగితం మడిచాడు. "సరే, అదంతా అయిపోయిన కథ. అమ్మాయికి ఇప్పుడు స్వేచ్ఛ వచ్చింది, పత్రం ఇచ్చేశాం. మీరు పెద్దవారు, ఇంటికి తీసుకుపొండి. ఇవాళ సాయంత్రం నమాజులోపు ఎవరూ తీసుకెళ్ళనివాళ్ళని వేరే ఇళ్ళకి పంపేస్తున్నాం. ఇక్కడ సంతకం పెడితే చాలు."

ఎంత సులువుగా ఉందో చూడండి. సంతకం పెడితే తల్లీ కూతురూ కలుస్తారు. దాది ఏడుస్తుంది, నవ్వుతుంది. ఊరు నన్ను ఇంకోసారి మెచ్చుకుంటుంది. నిజంగానే కలం అందుకున్నాను.

"నేను రాను," అంది లెబ్రీజ్.

అధికారి నిట్టూర్చాడు. "అమ్మా, ఆవిడ నీ తల్లి."

"అవును. ఆయనకి బానిస కూడా. ఆయన ఇంట్లో అంట్లు తోముతున్న తల్లి పక్కన నేను స్వేచ్ఛాపత్రం పట్టుకుని కూర్చోవాలా? దానికన్నా మీరు పంపే ఏ ఇల్లయినా నయమే." నా వైపు తిరిగింది. "నానమ్మగారు పోయిన రోజు గదిలో ఇద్దరే ఉన్నారా మాస్టారూ?"

గుర్తొచ్చింది. మంచం కాళ్ళ దగ్గర ఒక పిల్ల నానమ్మ పాదాలు ఒత్తుతూ ఉంది. నాన్నా నేనూ సాక్షుల్ని లెక్కపెట్టుకున్నప్పుడు ఆ పిల్ల మనిషిగా లెక్కకి రాలేదు.

"దారిలో దళారీకి చెప్పాను," అంది. "మా అమ్మకి పెద్దమ్మగారు స్వేచ్ఛ ఇచ్చేసింది, నన్ను అమ్మకూడదు అని. కాగితం అలా చెప్పట్లేదే అన్నాడు. అమ్మకి మీరే చెబుతారని నలభై రోజులు చూశాను, నేను చెబుదామనుకునేసరికి బండెక్కించారు. ఇప్పుడు మీరు చెప్పండి. నాకు భాష లేదు, మీకుంది. మీ నోటితో, నా ఎదుట, ఆమెకి చెప్పండి. చెబితే ఈ గుమ్మం దాటి ఆమెతో వస్తాను."

దాది మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూస్తోంది. "ఏమంటోంది చినబాబూ? కోపంగా ఉందా? నన్ను కొట్టమను, పరవాలేదు."

నేను మొదలుపెట్టాను. ఎలా మొదలుపెట్టానో రాయడానికి సిగ్గేస్తోంది. "దాదీ, నానమ్మకి నువ్వంటే చాలా ఇష్టం. పోయేటప్పుడు నీ గురించే మాట్లాడింది. నిన్ను బాగా చూసుకోమంది. నీ పిల్లల్ని కూడా. నాన్న ఆ మాట సరిగ్గా నిలబెట్టుకోలేదు. అందుకని దీనికి కోపం."

ఒక్క అబద్ధం లేదు అందులో. నిజం కూడా లేదు.

దాది కళ్ళు తుడుచుకుంది. "మహాతల్లి. ఆవిడ అలాగే అంటుంది."

లెబ్రీజ్ నన్నే చూస్తోంది. "అయిందా?"

"చెప్పాను."

"లేదు. చెప్పలేదు." గొంతు పెంచలేదు. "మీ భాషలో నాకు మిగిలినవి మూడు మాటలు మాస్టారూ. అమ్మ. నీళ్ళు. మూడోది ఆ రోజు మంచం మీంచి విన్నది. దాన్ని మాత్రం మరిచిపోకుండా నాలో నేనే అనుకునేదాన్ని, పడుకునే ముందు, రోజూ. మీరిప్పుడు మాట్లాడినంతసేపూ దానికోసమే కాచుకున్నాను. రాలేదు."

ఆ మూడో మాట ఆమె పలికింది. తన తల తనదే అని మేమనే మాట. ఉచ్చారణ పదేళ్ళ పిల్లది.

దాది ఉలిక్కిపడింది. ఇన్నేళ్ళ తరవాత కూతురి నోటి నుంచి సొంత భాష వినడం అదే మొదలు. "ఏమిటీ? ఎవరి తల? ఎవరికి స్వేచ్ఛ?"

అధికారి కలం కింద పెట్టేశాడు. పక్కన ఉన్న కూజాలోంచి నీళ్ళు వంచి దాదికి ఇవ్వబోయి, ఎందుకో ఆ గ్లాసు నా ముందు పెట్టాడు. నేను తాగలేదు. అప్పటిదాకా నా దారిలో దొరికిన ప్రతి దయనీ పుచ్చుకున్నాను. అది పుచ్చుకోలేకపోయాను.

"నీకు దాదీ," అన్నాను. "నానమ్మ నీకు స్వేచ్ఛ ఇచ్చింది. ఆ వసంతంలోనే. నీకూ, నీ కడుపున పుట్టినవాళ్ళకీ, పుట్టబోయేవాళ్ళకీ. నాన్న విన్నాడు. నేను విన్నాను. దిజిన్‌ని అమ్మేనాటికి దిజిన్ బానిస కాదు. నువ్వూ కాదు. ఆ కాగితంలో ఉన్నది అబద్ధం. అబద్ధమని తెలిసే రాశాను. ఇన్నేళ్ళూ నువ్వు మా ఇంట్లో చేసిన చాకిరీ అంతా, ఎవరికీ నిన్ను చేయమనే హక్కు లేకుండా చేసిన చాకిరీ."

మా భాషలో చెప్పి, అదే మాటకి మాట లెబ్రీజ్ కోసం టర్కీలో చెప్పాను. రెండోసారి చెప్పడం ఇంకా కష్టమైంది. అధికారికి కూడా అర్థమవుతుంది కదా.

దాది ఏడవలేదు. తిట్టలేదు. వంగి కింద పడిన జున్నుగడ్డ మూట తీసుకుంది. దుమ్ము దులిపి, ముడి విప్పి, మళ్ళీ కట్టింది. చాలాసేపు కట్టింది.

"పెద్దమ్మగారు నా పేరు పెట్టే చెప్పారా?"

"పేరు పెట్టే."

"మీ నాన్నగారు విన్నానన్నారా?"

"అన్నారు."

"నువ్వు?"

"నేనూ అన్నాను."

"నేనప్పుడు పాలు పితుకుతున్నాను," అంది దాది. "లోపలికి వచ్చాక నీకే ఇచ్చాను మొదటి గిన్నె. తాగావు కూడాను."

లెబ్రీజ్ అడుగు ముందుకేసి తల్లి చేతిలో మూట అందుకుంది. పట్టుబట్టలకి పొగవాసన అంటుకుంటుందని చూసుకోలేదు. "అమ్మ," అంది, తనకి మిగిలిన మొదటి మాట. దాది అప్పుడు ధైర్యంగా ఆమె మొహం రెండు చేతుల్లోకీ తీసుకుంది. గోడ పక్కన నిలబడ్డ ఆడవాళ్ళలో ఎవరో వెక్కుతున్నారు. గుమ్మం దగ్గర నుంచి తెమ్రుక్ ముసలాయన, తన వంతు ఇంకా రాలేదని మరిచిపోయినట్టు, టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

కథ ఇక్కడ ఆపేస్తే నాకెంతో బాగుండేది.

దాది కూతుర్ని వదలకుండానే తల మాత్రం నా వైపు తిప్పింది. ఆలోచిస్తోంది. ఆవిడ ఆలోచిస్తే నుదుటి మీద ముడత అడ్డంగా కాక నిలువుగా పడుతుంది, చిన్నప్పటినుంచీ చూస్తున్నాను.

"పెద్దమ్మగారు పోయింది గొర్రెలు ఈనే రోజుల్లో కదూ?"

"అవును."

"అప్పటికి మెలెచ్ నా కడుపులో ఉంది. మూడో నెల."

మెలెచ్ గురించి మీకు ఇంతవరకూ చెప్పలేదు. కావాలనే చెప్పలేదు. దాది రెండో కూతురు. దిజిన్‌ని తీసుకుపోయిన ఏడాదే పుట్టింది. నా పెళ్ళికి మా నాన్న ఆడపిల్లవారికి ఇచ్చిన ఓలిలో గుర్రాలతో, వెండి మొలనూళ్ళతో పాటు ఎనిమిదేళ్ళ మెలెచ్ కూడా వెళ్ళింది. మాలో అది వింత కాదు. నఫిసెత్ మా ఇంటికి వచ్చిన మొదటి వారంలోనే "ఆ పిల్లని తల్లి దగ్గరికి పంపించెయ్యమని మా నాన్నకి చెప్పు" అంది. మామగారి ముందు అల్లుడు నోరు విప్పడం కూడా మర్యాద కాదని చెప్పాను.

"పుట్టబోయేవాళ్ళకి కూడా అన్నారుగా పెద్దమ్మగారు," అంది దాది. ఒక్కొక్క మాటా అడుగేసి చూసుకుంటున్నట్టు. "అయితే మెలెచ్ కూడా..."

"మెలెచ్ కూడా."

లెబ్రీజ్ నా చెయ్యి పట్టుకుంది. "మెలెచ్ ఎవరు? ఏమంటోంది? చెప్పండి."

"నీ చెల్లెలు," అన్నాను టర్కీలో. తనకో చెల్లెలుందని ఆమెకి ఆ నిమిషందాకా తెలియదు.

అధికారి మళ్ళీ కలం తీశాడు. ఆయన మొహంలో అలసట పోయి వేరే ఏదో వచ్చింది. "ఆ అమ్మాయి ఎక్కడుంది మాస్టారూ? ఊరు చెప్పండి, ఇంటిపేరు చెప్పండి. ఇప్పుడే తంతి కొట్టిస్తాను. రేపటికల్లా జవాబు వస్తుంది."

అది దాదికి అర్థం చేసి చెప్పే పని నాకు పడలేదు. కలం చూసి ఆవిడే గ్రహించింది. ఆ రోజంతటిలో మొదటిసారి నవ్వింది. తల మీద కట్టుకున్న రుమాలు కొంగు లాగి కూతురికి చూపించింది. నీలం రుమాలు, అంచుకి ఎర్ర పువ్వులు.

"ఇదిగో, ఇది అదే పంపింది. పోయిన పండక్కి. ప్రతి పండక్కీ ఏదో ఒకటి పంపుతుంది నా తల్లి. ఓసారి సబ్బు, ఓసారి బెల్లం మిఠాయి. బాగున్నాను, ఒళ్ళు చేశాను, బెంగపెట్టుకోకు అని కబురు చేస్తుంది. అన్నీ మా చినబాబే తెచ్చిస్తాడు, అత్తవారి ఊరు వెళ్ళినప్పుడల్లా."

నా అత్తవారు మెలెచ్‌ని ఒంటెల బిడారుతో దమస్కు పోతున్న వర్తకుడికి ఇచ్చేశారు. పెళ్ళైన మూడో ఏడు. ఆ వర్తకుడి పేరు కూడా నేను కనుక్కోలేదు. దాది గుమ్మంలో నిలబడి మొదటి పండగనాడు "నా పిల్ల ఎలా ఉంది బాబూ" అని అడిగినప్పుడు, బాగుంది అన్నాను. ఆ ఒక్క రోజుకి ఆవిడని ఏడిపించడం ఎందుకని. మరుసటి పండక్కి సబ్బు కొనుక్కెళ్ళాను. మంచిపనే చేస్తున్నాననుకున్నాను. ఆ నీలం రుమాలు అడాపజారు సంతలో నా చేత్తో ఏరి కొన్నది.

లెబ్రీజ్ రుమాలు అంచు వేళ్ళతో పట్టుకుని, ఆ ఎర్ర పువ్వులు నిమురుతూ, నా వైపు చూసింది. అధికారి కలం కాగితం మీద ఆగి ఉంది.

"చెప్పు, జాన్‌బులాత్," అంది కురాత్సా. పుట్టి బుద్ధెరిగాక ఆవిడ నన్ను పేరు పెట్టి పిలవడం వినలేదు. "దాని చెల్లెలు ఎక్కడుందో దానికి చెప్పు."